ఉప్పుగాలిలో కాంటెస్సా: హెడర్ల ఎంపిక, బిగింపు

సిలిండర్లలో పెట్రోలు మండాక వచ్చే వేడి పొగను ముందుగా అందుకునేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. పాత కార్లలో ఇది పోత ఇనుముతో చేసిన లావాటి ముద్ద. నాలుగు సిలిండర్ల పొగా ఒకే పొట్టి గదిలో పడి, అక్కడి నుంచి ఒక పైపు గుండా సైలెన్సర్‌కు చేరుతుంది. దాన్ని చవకగా పోత పోయవచ్చు. ఏళ్ళ తరబడి పగలకుండా ఉంటుంది, శబ్దాన్నీ బాగా అణిచిపెడుతుంది. లోపమల్లా ఒక సిలిండర్ వదిలిన పొగ పక్క సిలిండర్ దారికి అడ్డం పడటమే. ఆ ముద్దను తీసేసి, సిలిండర్‌కొక ఉక్కు గొట్టం చొప్పున అమర్చి, కొంతదూరం విడివిడిగా నడిపించి ఆపైన ఒకచోట కలిపితే దాన్నే హెడర్ అంటారు.

హెడర్ల మోజు అమెరికా మజిల్ కార్ల కాలంలో బాగా పెరిగింది. 1964లో పాంటియాక్ జీటీఓతో ఊపందుకున్న ఆ తరం కార్లకు ఎనిమిది సిలిండర్ల ఇంజన్, రెండు పక్కలా రెండు మానిఫోల్డులు ఉండేవి. కొన్నవాళ్ళు ముందుగా మార్చే భాగాల్లో అవి ఒకటి. మన రోడ్ల మీద అలాంటి కార్లు అరుదు. ఆ పేరు ఇక్కడ హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సాకు దక్కింది. పొడవాటి బానెట్, చతురస్రపు ముఖం, వెనక చక్రాలతో నడక చూసి అభిమానులు దాన్ని భారతీయ మజిల్ కార్ అని పిలుచుకున్నారు. బ్రిటన్‌లో వాక్సాల్ విక్టర్‌గా తిరిగిన బాడీని తెచ్చి, 1984లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా నుంచి విడుదల చేశారు. 2002లో తయారీ ఆగింది.

చూపుకు మజిల్ కారే గానీ తొలి కాంటెస్సాలో కండ లేదు. అంబాసిడర్‌లోని 1,489 సీసీ బీఎంసీ ఇంజన్నే ఇందులోనూ పెట్టారు. యాభై హార్స్‌పవర్‌తో టన్నుకు పైబడిన బరువును ఈడ్చాలి. కొన్నేళ్ళకు జపాన్ ఇసుజు కంపెనీ రూపొందించిన 1,817 సీసీ పెట్రోలు ఇంజన్, దానితోపాటు ఐదు గేర్ల బాక్సు రావడంతో శక్తి 90కి దగ్గరైంది. ఇసుజు డీజిల్ ఇంజన్ కూడా వచ్చింది. ఆ ఇసుజు కంపెనీయే 2016లో నెల్లూరుకు దక్షిణాన, తడకు దగ్గర్లోని శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచింది. అయితే అక్కడ తయారయ్యేవి పికప్ ట్రక్కుల వంటి కొత్త వాహనాలు, కాంటెస్సా స్పేర్లు కావు.

ఇంజన్ ఏదన్నది తేలకుండా హెడర్ మాట ఎత్తి లాభం లేదు. డీజిల్ కాంటెస్సాకు హెడర్ పెట్టడం డబ్బు దండగ. ఆ ఇంజన్ తక్కువ వేగాల్లోనే పనిచేస్తుంది, పొగ దారిని సరిచేసినందువల్ల దానికి ఒరిగేది చాలా తక్కువ. బీఎంసీ ఇంజన్‌ది వేరే ఇబ్బంది. దాని హెడ్డులో నాలుగు సిలిండర్లకూ ఉన్నవి మూడే ఎగ్జాస్ట్ రంధ్రాలు. ఒకటో సిలిండర్‌కు ఒకటి, నాలుగోదానికి ఒకటి. నడుమనున్న రెండూ మూడూ ఒకే రంధ్రాన్ని పంచుకుంటాయి. కాబట్టి దాని హెడర్‌కు మూడే కాళ్ళు. పైగా కార్బొరేటర్ వైపు మానిఫోల్డ్ కూడా అదే గోడ మీద ఉంటుంది, రెండింటినీ కొన్ని ఉమ్మడి స్టడ్లూ వెడల్పాటి వాషర్లూ కలిపి నొక్కిపడతాయి. కొత్త హెడర్ ఫ్లేంజి (హెడ్డుకు ఆనే పలక) మందం పాతదానికన్నా ఒక మిల్లీమీటరు తేడాగా ఉన్నా చాలు, వాషర్ వాలుగా కూర్చుని ఒక పక్క పొగ లీకు, మరో పక్క గాలి లీకు మొదలవుతాయి. అంబాసిడర్ షెడ్లలో ‘హెడర్ వేశాక ఐడిలింగ్ నిలవడం లేదు’ అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది అక్కడే. ఇసుజు పెట్రోలు ఇంజన్‌లో సిలిండర్‌కొక రంధ్రం ఉంది. హెడర్‌కు తగిన కాంటెస్సా అంటే అదే.

హెడర్ వల్ల శక్తి ఎలా పెరుగుతుందో అర్థం చేసుకోవాలంటే పొగను నిలకడగా పారే ప్రవాహంగా ఊహించుకోకూడదు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునేటప్పటికి సిలిండర్‌లో ఇంకా బాగా ఒత్తిడి ఉంటుంది. ఆ క్షణంలో ఒక ఒత్తిడి అల గొట్టంలోకి దూకుతుంది. వేడి పొగలో ఈ అల సెకనుకు 500 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. గొట్టం చివర, అంటే గొట్టాలన్నీ కలిసే వెడల్పాటి చోట, అది తిరగబడి చూషణ అలగా వెనక్కి వస్తుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక చుట్టుకు పట్టేది 12 మిల్లీసెకన్లు. ముప్పావు మీటరు పైన ఉన్న గొట్టంలో అల రానూపోనూ పట్టేది సుమారు 3 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే, ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుంటున్న ఆ కొద్ది వ్యవధిలో సిలిండర్ మూతి దగ్గర చూషణ ఉంటే, మిగిలిన పొగ ఊడ్చుకుపోతుంది, కొత్త మిశ్రమం సులువుగా లోపలికి వస్తుంది. అల ఎప్పుడు వెనక్కి చేరుతుందనేది గొట్టం పొడవు మీద ఆధారపడుతుంది, పొగ ఎంత ఊపుగా కదులుతుందనేది వ్యాసం మీద. హెడర్ ఎంపిక అంటే ప్రధానంగా ఈ రెండు కొలతల ఎంపిక.

లావు గొట్టం వేస్తే పొగ తేలిగ్గా పోతుంది, శక్తి పెరుగుతుంది అనేది షెడ్లలో గట్టిగా నాటుకున్న నమ్మకం. అవసరాన్ని మించి లావైతే పొగ వేగం పడిపోతుంది, దాని ఊపు పోతుంది, తక్కువ వేగంలో బండి లాగుడు చచ్చిపోతుంది. రేసింగ్ షెడ్లు వాడే ఒక పాత లెక్క దీన్ని బాగా చూపిస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరేందుకు ఎన్ని డిగ్రీల ముందు తెరుచుకుంటుందో ఆ అంకెకు 180 కలపాలి. దాన్ని 850తో గుణించి, ఇంజన్ ఏ వేగంలో బాగా లాగాలో ఆ అంకెతో భాగించాలి. వచ్చినదాంట్లోంచి 3 తీసేస్తే గొట్టం పొడవు అంగుళాల్లో వస్తుంది. వాల్వు 50 డిగ్రీల ముందు తెరుచుకుంటుందనుకుంటే, 5,500 చుట్లకు 32 అంగుళాల పైచిలుకు. అదే 4,500 చుట్లకైతే 40 అంగుళాలు. ఇసుజు పెట్రోలు కాంటెస్సా సిలిండర్ ఒక్కొక్కటి 454 సీసీ కాబట్టి లోపలి వ్యాసం మొదటిదానికి 38 మిల్లీమీటర్లు, రెండోదానికి 34, 35 మధ్య పడుతుంది. వేగం తగ్గేకొద్దీ గొట్టం పొడవవుతుంది, సన్నబడుతుంది. ఈ అంకెలు ఆరంభానికే పనికొస్తాయి, అవే ఆఖరి మాట కావు. కానీ ఎటువైపు నడవాలో తప్పకుండా చెబుతాయి.

నెల్లూరు తీరంలో కాంటెస్సా ఎలా తిరుగుతుందో కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మైపాడుకో కోడూరుకో వెళ్ళే రోడ్లలో మలుపులు, ఊళ్ళు, స్పీడ్ బ్రేకర్లు, రొయ్యల గుంటలకు మేత మోసే వాహనాలు. పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కినా ఇంజన్ 3,000 చుట్ల దగ్గరే ఎక్కువసేపు ఉంటుంది. 5,500 చుట్ల దగ్గర మాత్రమే ప్రాణం పోసుకునే హెడర్ ఇక్కడ ఎవరికీ అక్కరకు రాదు. నెల్లూరు నుంచి మద్రాసు దారిలో, షోళవరంలోని పాత రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు జరిపిన రోజుల్లో బారుగా సాగే ట్రాకు మీద అలాంటి అమరికకు అర్థం ఉండేది.

గొట్టాలు కలిసే తీరులో రెండు రకాలున్నాయి. నాలుగూ ఒకేచోట కలిస్తే 4-1. ముందు రెండేసి కలిసి, ఆ రెండూ మళ్ళీ ఒకటైతే 4-2-1. మొదటిది పై వేగాల్లో మెరుగు, రెండోది నడిమి వేగాల్లో లాగుడునిస్తుంది. రోడ్డు మీద తిరిగే కాంటెస్సాకు 4-2-1 తగినది. ఇందులో జతలు ఇష్టమొచ్చినట్టు కలపకూడదు. నాలుగు సిలిండర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరుసలో మండుతాయి కాబట్టి ఒకటినీ నాలుగునీ ఒక జతగా, రెండునూ మూడునూ ఇంకో జతగా కలపాలి. అప్పుడే జతలో ఒకటి పొగ వదిలాక పూర్తిగా ఒక చుట్టు తిరిగితేగానీ రెండోది వదలదు. పక్కపక్కనున్నాయి కదా, వంపు తేలిక అని ఒకటినీ రెండునూ కలిపేసిన హెడర్లు కనిపిస్తుంటాయి. వాటికీ పాత ఇనుప ముద్దకూ శబ్దంలో తప్ప తేడా ఉండదు. పొడవుల పంపకంలో, మొదటి గొట్టాలకు 15 అంగుళాలిచ్చి మిగతాది రెండో జతకు వదలడం వాడుక. రెండో జత లోపలి వ్యాసం మొదటివాటికన్నా మూడో వంతు ఎక్కువుంటే సరిపోతుంది.

అమెరికా ఎనిమిది సిలిండర్ల కార్లకు ఈ సౌకర్యం లేదు. షెవ్రొలెట్ ఇంజన్‌లో ఒక పక్కనున్న నాలుగు సిలిండర్లు సమానమైన ఎడంతో మండవు. రెండు వెంటవెంటనే పేలుతాయి, తర్వాత పెద్ద ఖాళీ వస్తుంది. ఆ ఇంజన్ల గుడగుడ శబ్దానికి మూలం ఆ ఎగుడుదిగుడే. నాలుగు సిలిండర్ల కాంటెస్సాకు ఎంత ఖరీదైన హెడర్ వేసినా ఆ నాదం రాదు. దాని కోసమే ఖర్చు పెట్టదలచినవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

లాభం ఎంత? కార్బొరేటర్, క్యామ్ షాఫ్ట్ కంపెనీవే ఉండి, హెడర్ మాత్రమే మారిస్తే మంచి పనితనంతో కూడా పెరిగే శక్తి నూటికి అయిదు పాళ్ళ చుట్టుపక్కలే. దాని వెనకనున్న సైలెన్సర్ తుప్పు రేకులతో సగం పూడిపోయి ఉంటే ఆ అయిదూ రావు. అందుకని ముందు కంప్రెషన్, వాల్వు సందులు, సైలెన్సర్ చూసుకోవాలి. వాటిలో లోపాలు సరిచేస్తే చాలామందికి హెడర్ అవసరమే తోచదు.

లోహం ఎంపిక దగ్గర మాత్రం తీరప్రాంతం లెక్క వేరు. హైదరాబాదులో పదేళ్ళు నిలిచే మామూలు ఉక్కు గొట్టం కృష్ణపట్నం రేవు దగ్గర అన్నేళ్ళు నిలవదు. హెడర్ మూతి దగ్గర పొగ వేడి, బండి బరువు మీద లాగేటప్పుడు 700 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పెయింటు కాలిపోయి ఉక్కు నగ్నమవుతుంది. రాత్రి చల్లబడ్డాక సముద్రపు గాలిలోని ఉప్పు తేమతోపాటు దాని మీద పేరుకుంటుంది. మర్నాడు మళ్ళీ వేడి. తుప్పు పొరలుగా లేచి రాలిపోతుంది, కింద కొత్త లోహం తుప్పుకు దొరుకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో షెడ్డులో కదలకుండా ఉన్న బండికి ఈ నష్టం ఇంకా ఎక్కువ. రోజూ తిరిగే బండి గొట్టాల్లోపలి నీరు కనీసం ఆవిరైపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలులో రెండు రకాలు దొరుకుతాయి. 409లో క్రోమియం 11 శాతం దాకా, నికెల్ దాదాపు లేదు. కంపెనీలు సైలెన్సర్లకు ఎక్కువగా వాడేది ఇదే. పైన గోధుమరంగు తుప్పు పట్టినా లోపలిదాకా తొందరగా తినదు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. ఉప్పుగాలికి దీనిదే పైచేయి. కానీ 304 వేడికి ఎక్కువగా సాగుతుంది. 80 సెంటీమీటర్ల గొట్టం వేడి 600 డిగ్రీలు పెరిగితే మామూలు ఉక్కు సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, 304 మాత్రం 8 దాటుతుంది. ఆ సాగుడుకు చోటివ్వకపోతే వెల్డింగు పక్కన పగుళ్ళు పడతాయి. గొట్టాలు కలిసేచోట ఒకదానిలో ఒకటి దూరి జారే కీళ్ళు పెట్టేది అందుకే. గోడ మందం 1.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఖర్చు భరించగలిగితే 304. లేదంటే మామూలు ఉక్కు మీద లోపలా బయటా సిరామిక్ పూత. రెండింటికీ జడిసేవారు పాత పోత ఇనుప మానిఫోల్డ్‌నే శుభ్రంచేసి ఉంచుకోవడం మేలు. పోత ఇనుము ఉప్పుగాలిని ఓర్చుకున్నంతగా పల్చటి ఉక్కు ఓర్చుకోదు.

రెండు పొరపాట్లు మాత్రం అసలు చేయకూడదు. ఒకటి, నీళ్ళ పైపులకు వాడే జీఐ పైపుతో హెడర్ చేయించడం. ఏ ఊరి వెల్డింగ్ షాపులోనైనా అది చేతికందుతుంది, జింకు పూత వల్ల తుప్పు పట్టదు కదా అనే వాదనా వినిపిస్తుంది. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, 907 డిగ్రీలకు మరుగుతుంది. వెల్డింగు మంటలో లేచే తెల్లటి పొగ పీల్చిన మనిషికి ఆ రాత్రికే చలీజ్వరమూ వస్తాయి. రోడ్డెక్కాక ఆ పూత హెడర్ మీద నిలవదు కూడా. రెండోది, గొట్టాల చుట్టూ గాజునార పట్టీ చుట్టడం. వేడి బానెట్ లోపల పరచుకోకుండా అది బాగానే ఆపుతుంది. కానీ తీరంలో ఆ పట్టీ తడినీ ఉప్పునూ పట్టి ఉంచి, విప్పి చూసే నాటికి మామూలు ఉక్కు గొట్టాన్ని జల్లెడ చేసేస్తుంది. వేడిని ఆపాలంటే గొట్టానికి ఎడంగా రేకు తొడుగు బిగించుకోవడం నయం.

కాంటెస్సాకు సరిపోయే హెడర్ డబ్బాలో సిద్ధంగా దొరకడం అరుదు గనుక చేయించుకోవడమే ఎక్కువ. చెన్నై పుదుపేటలో పాత విడిభాగాలు వెతకవచ్చు, మోటార్ రేసింగుకు పేరున్న కోయంబత్తూరులో గొట్టాలు వంచే పనివారున్నారు. వంపు ఎలా తీశారో చూసుకోవాలి. మామూలు ప్రెస్సులో వంచితే మలుపు దగ్గర గొట్టం చప్పటగా నొక్కుకుని దారి సన్నబడుతుంది. లోపల కడ్డీ పెట్టి వంచే యంత్రం ఉంటే గుండ్రం చెడదు. అది లేనిచోట గొట్టాన్ని ఇసుకతో కూరి, వేడిచేసి వంచే పాత పద్ధతి ఉంది. ఇసుక బాగా వేయించి పొడిగా ఉండాలి, తడి మిగిలితే ఆవిరికి బిరడా తుపాకీ గుండులా ఎగిరిపోతుంది. వెల్డింగు ముద్ద గొట్టం లోపలికి కారిందా లేదా వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. ఫ్లేంజి మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లుండాలి. అన్నీ అతికించాక ఫ్లేంజి వంకరపోతుంది కాబట్టి ఆఖరున లేతు షెడ్డులో ముఖం చదును చేయించాలి.

బిగింపులో సగం కష్టం పాతది విప్పడంలోనే ఉంది. ముప్పై ఏళ్ళ నాటి స్టడ్డు, దాని మీద తుప్పుతో ఏకమైపోయిన నట్టు: బలం వాడితే స్టడ్డు హెడ్డు అంచుకే విరుగుతుంది, అప్పుడు డ్రిల్లు పెట్టి తీయాల్సిందే. ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయాలి. మర్నాడు బ్యాటరీ తీగ తీసి, స్పానర్‌తో ముందు బిగించే వైపు రవ్వంత తిప్పి, తర్వాత విప్పే వైపు. కదలని నట్టును గ్యాస్ మంటతో కాస్త వేడిచేయవచ్చు, పెట్రోలు పైపూ కార్బొరేటరూ పక్కనే ఉన్నాయన్న స్పృహ ఉండాలి. పాత స్టడ్లు మంచిగా కనిపించినా కొత్తవి వేయడమే తెలివి. నట్లు ఇత్తడివైతే మళ్ళీ విప్పాల్సి వచ్చినప్పుడు పట్టుకోవు.

హెడ్డు ముఖాన్ని గీకి శుభ్రంచేశాక గ్యాస్కెట్ లేకుండా హెడర్‌ను ఒకసారి ఎక్కించి చూడాలి. స్టార్టర్ మోటారు, స్టీరింగ్ రాడ్డు, బ్రేకు పైపు, ప్లగ్గు తీగలు, పెట్రోలు పైపు: వీటన్నిటికీ గొట్టానికీ మధ్య కనీసం రెండు వేళ్ళ సందు కావాలి. ఇంజన్ తన రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది. నిలబడి ఉన్న బండిలో సరిపోయిన సందు ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే చాలకపోవచ్చు. ఇంజన్‌ను చేత్తో ఊపి చూడటం ఈ దశలోనే. సందు చాలదని గొట్టాన్ని సుత్తితో సొట్టకొట్టే అలవాటు అమెరికాలోనూ ఉంది. చిన్న సొట్ట వల్ల పెద్ద నష్టం రాదు గానీ చేయించుకున్న హెడర్‌కు ఆ అవసరం రాకూడదు.

గ్యాస్కెట్ పెట్టి నట్లన్నీ వేళ్ళతో ఎక్కించాక, నడుమ నుంచి మొదలుపెట్టి చివరలకు పోతూ రెండు మూడు విడతల్లో బిగించాలి. 8 మిల్లీమీటర్ల స్టడ్డయితే 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు. హెడర్‌కూ వెనక పైపుకూ మధ్య మెలితిరిగే జాలీ కీలు ఒకటి ఉండాలి, సైలెన్సర్ బరువును రబ్బరు కొక్కేలే మోయాలి. ఆ బరువు హెడర్ మీద పడితే ఏ లోహమైనా పగులుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కి, మళ్ళీ పూర్తిగా చల్లారాక నట్లు ఇంకోసారి బిగించాలి. కొత్త గ్యాస్కెట్ తొలి వేడికి అణుగుతుంది. ఈ రెండో బిగింపు చేయకపోతే వారంలోనే టిక్కుటిక్కుమనే లీకు శబ్దం మొదలవుతుంది. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ మూతిని మందపాటి గుడ్డతో కాసేపు నొక్కిపట్టి, అతుకుల దగ్గర సబ్బు నీళ్ళు చల్లితే లీకు బుడగలుగా కనిపిస్తుంది. దీన్ని అశ్రద్ధ చేయకూడదు. కార్లోకి చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు.

పొగ సులువుగా పోయినప్పుడు గాలి ఎక్కువగా లోపలికొస్తుంది. కార్బొరేటర్ జెట్టు పాతదే ఉంటే పెట్రోలు పాలు తగ్గి, ఇంజన్ వేడెక్కడం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపా పేలడం కనిపిస్తాయి. కాస్త పరుగు తీయించి ప్లగ్గు విప్పి చూస్తే, పింగాణీ సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, లేత గోధుమరంగులో ఉంటే సరిపోయింది. మే నెలలో నెల్లూరులో 42, 43 డిగ్రీల ఎండకు హెడర్ వేడి తోడైతే పెట్రోలు పైపులోనే ఆవిరి పట్టి బండి ఆగిపోతుంది. పైపును హెడర్‌కు దూరంగా మళ్ళించడం, నడుమ రేకు అడ్డం పెట్టడం ఎండాకాలానికి ముందే చేసుకోవాల్సిన పనులు.

చట్టం హెడర్‌ను పేరు పెట్టి నిషేధించలేదు. అయితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. 1989 కేంద్ర నిబంధనల్లో 120వది శబ్దం తగ్గించే సైలెన్సర్ ప్రతి మోటారు బండికీ ఉండాలంటుంది. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సుపై మూడు నెలల అనర్హత కూడా ఉండవచ్చు. కాంటెస్సా కాలపు పెట్రోలు కారు ఐడిలింగ్‌లో వదిలే కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు. జెట్టు సరిగా కుదిర్చిన హెడర్ బండి ఆ పరీక్ష సులువుగానే దాటుతుంది. సైలెన్సర్ పీకేసి హెడర్ ఒక్కటే ఉంచిన బండి పట్టుబడుతుంది, పట్టుబడటమే న్యాయం.

పాత మానిఫోల్డ్‌ను పాత ఇనుము కింద అమ్మేయకూడదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన కార్లను వింటేజి వాహనాలుగా రిజిస్టరు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, రుసుము 20,000 రూపాయలు. బండి అసలు రూపంలో, పెద్ద మార్పులేవీ లేకుండా ఉండాలన్నది అందులో షరతు. తొలి కాంటెస్సాలకు ఆ అర్హత 2034లో వస్తుంది. తీసిన మానిఫోల్డ్‌కు గ్రీజు పూసి, పాలిథిన్ చుట్టి, విప్పిన స్టడ్లూ వాషర్లూ అదే మూటలో కట్టి పెడితే అప్పటికీ పనికొస్తుంది.